ఆ స్పీకర్లు ఆయన మార్చలేదు

ఆరేళ్ళ క్రితం పోర్ట్‌బ్లెయిర్‌లో, చాతం దగ్గరి టాక్సీ స్టాండులో నేనొక మాట అన్నాను. నా కారు తలుపుల్లోంచి మంచి స్పీకర్లు తీసేసి, వాటి స్థానంలో నకిలీవి పెట్టారని షాదీపూర్‌లో స్పీకర్లు బిగించే ఒక పెద్దాయన మీద అన్నాను. అది నిజం కాదు. ఆ స్పీకర్లు ఆయన మార్చలేదు. అన్న వారం లోపే నాకా సంగతి తెలిసింది. తెలిసి కూడా ఆరేళ్ళు నోరు విప్పలేదు. ఆయన మంచి పేరు పోయింది నా మాట వల్ల. అది తిరిగి రాకపోవడం నా మౌనం వల్ల.

జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను టూరిస్టు టాక్సీ నడుపుతాను. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకు వచ్చాడు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. ఏడేళ్ళ క్రితం పాత కారొకటి కొన్నాను. దానికి మంచి స్పీకర్లు పెట్టుకోవాలని మనసు పడ్డాను. మా బావమరిది విశాఖపట్నంలో ఒక జత కొని, ఓడలో వచ్చే తెలిసినవాళ్ళతో పంపించాడు. పెట్టె విప్పి చూస్తే వెనక మాగ్నెట్ అరచేతికి బరువుగా తగిలింది. నేనే ఒక పూట కూర్చుని ముందు తలుపులు రెండింటికీ బిగించేశాను. పాతవి ఉన్న కన్నాల్లోనే, ఒక్కోదానికి రెండేసి స్క్రూలు.

పాట పెట్టాను. పాత స్పీకర్లకూ వీటికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. శబ్దం పెంచితే తలుపంతా గరగరలాడింది.

మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని కాసేపు విని, "దీనికోసమేటి మా తమ్ముణ్ణి అంతలాగ తిప్పారు?" అంది.

స్టాండులో ఒకతను నా గోడు విని నవ్వాడు. "షాదీపూర్ జావో భయ్యా. అక్కడ ఒక చాచా ఉన్నాడు, డోర్ కా డాక్టర్" అన్నాడు.

అలా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని స్తంభానికి తగరపు పలక మీద రంగుతో వేసిన స్పీకర్ బొమ్మ. అక్షరం ముక్క లేదు. ఆయన మనవాడే, తెలుగువాడే. చాతంలో కోత మిల్లులో ముప్పై ఏళ్ళు రంపాలకు పదునుపెట్టి రిటైరయ్యారు. మిల్లులో పది రంపాలు ఒక్కసారి తిరుగుతున్నా, అందులో ఏ రంపానికి పన్ను మొద్దుబారిందో దూరం నుంచే చెప్పేవారట. ఆ చెవిని రిటైరయ్యాక కారు తలుపుల మీద పెట్టారు.

నా సోదంతా ఆయన వినలేదు. కారు చుట్టూ తిరిగి, ముందు తలుపు మీద వేలి కణుపులతో కొట్టారు. పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, కింద రెండుచోట్ల. కొబ్బరికాయ కొనేవాళ్ళు తట్టి చూసినట్టు. ప్రతి దెబ్బకీ తల కొంచెం వంచి వింటున్నారు.

"డబ్బా" అన్నారు చివరికి. "వట్టి నూని డబ్బా. దీంట్లో ఏ స్పీకరెట్టినా డబ్బాయే పాడతాది."

నా స్పీకర్లలో ఒకదాన్ని తలుపులోంచి ఊడదీసి, తీగలు పొడిగించి నా చేతికిచ్చారు. పాట పెట్టమన్నారు. చేతిలో ఉన్న స్పీకరు సన్నగా, పీలగా పాడింది. డోలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఎలాగుంది బావూ?"

"దోమలాగుంది బాబాయ్."

"దోమే. ఇప్పుడు చూడు."

షెడ్డు గోడకి ఆనించి ఉన్న మందపాటి ప్లైవుడ్ పలక తెచ్చారు. దాని మధ్యలో స్పీకరుకు సరిపడా గుండ్రటి కన్నం ఉంది. పలకను రెండు స్టూళ్ళ మధ్య నిలబెట్టి, పాట ఆపకుండానే స్పీకరును కన్నంలో కూర్చోబెట్టి అరచేత్తో అదిమారు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. లేని డోలు వచ్చింది. ఎక్కడో గాల్లో తేలుతున్న గొంతు దిగివచ్చి నా ఎదురుగా నిలబడింది. చెయ్యి కొంచెం వదులు చేశారు, డోలు పోయింది. మళ్ళీ అదిమారు, వచ్చింది.

"స్పీకరు మారిందేటి?"

"లేదు."

"పాట మారిందా?"

"లేదు బాబాయ్. చెక్క వచ్చింది."

"చెక్క కాదురా నాయినా. దానికి కూకోడానికి చోటొచ్చింది." తర్వాత విడమర్చి చెప్పారు. స్పీకరులోని కాగితపు గిన్నె ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలిని తోస్తుంది, అదే సమయంలో వెనక గాలిని లాక్కుంటుంది. రెండింటికీ మధ్య అడ్డం లేకపోతే ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. "డింగీలో ఇద్దరు కూకొని ఒకడిటూ ఒకడటూ తెడ్డేస్తే పడవ ఎక్కడికెల్తాది? అక్కడే ఉంటాది. బేసు కూడా అంతే. ముందుదాన్నీ ఎనకదాన్నీ కలవనివ్వకూడదు."

నేను నా రెండు కళ్ళతో చూశాను, రెండు చెవులతో విన్నాను. ఒకే స్పీకరు, బిగింపును బట్టి రెండు వేరు వేరు స్పీకర్ల లాగా పాడుతుందని. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేనే మరిచిపోయాను.

బండి రెండు రోజులు అక్కడే ఉంది. కిరాయిలు మానుకుని నేను ఆ షెడ్డులోనే కూర్చున్నాను. అంత శ్రద్ధగా ఒక పని జరగడం నేను అంతకు ముందు చూడలేదు.

తలుపు లోపలి డోర్ ప్యాడ్ ఊడదీస్తే వెనక ఇనుప రేకుకి చెయ్యి పట్టేంత కన్నాలున్నాయి. ముందు గాలి, వెనక గాలి కలిసిపోతున్నది వాటిలోంచే. వాటిని పలచటి అల్యూమినియం రేకులతో మూసి, మీద తారు షీటు అతికించారు. బయటి రేకుకి లోపలి వైపున కూడా అదే షీటు. మధ్యమధ్య ఆగి కణుపులతో కొట్టి చూసేవారు. పొద్దున ఠంగుమన్న తలుపు మధ్యాహ్నానికి ధబ్‌మంది. "ఇప్పుడు నోరు మూసింది" అన్నారు తృప్తిగా.

ఆ తర్వాత రింగులు. పడౌక్ చెక్క, మా ద్వీపాల ఎర్ర కలప. ముక్కను గుండ్రంగా కోసి, తలుపు రేకు ఎంత వాలుగా ఉందో అంత వాలుగా అడుగుభాగాన్ని చిత్రిక పట్టారు. కోయడం, తలుపుకి ఆనించడం, కాగితం ముక్క సందులోకి దూరుతుందేమో చూడడం, మళ్ళీ చిత్రిక పట్టడం. కాగితం ఎక్కడా దూరనంత వరకూ వదల్లేదు. అయ్యాక డింగీలకు పూసే రెసిన్ మూడు పూతలు వేశారు, నీరు పట్టకుండా. రింగును బోల్టులతో తలుపు ఇనుముకే బిగించారు, డోర్ ప్యాడ్‌కి కాదు. దాని మీద స్పీకరు, మధ్యలో మెత్తటి రబ్బరు. స్క్రూలు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పారు. ఒకేసారి ఒక పక్క బిగిస్తే స్పీకరు మూతి వంకరపోతుందట.

తలుపు లోపల అద్దం మీదుగా వాన నీరు కారుతుంది. అందుకని స్పీకరుకి పైన, ప్లాస్టిక్ సీసాను నిలువుగా చీల్చి గొడుగులా పెట్టారు. తలుపు అడుగున ఉండే చిన్న కన్నాలను మాత్రం ముట్టుకోలేదు. "నీటికి దారి వదిలీయాల. సౌండుకి వదలకూడదు."

ఇంకొకటి ఉంది. స్పీకర్లు లోపల పెట్టేముందు ఆయన నాకు మార్కరు పెన్ను ఇచ్చారు. వచ్చిన ప్రతివాడి చేతా మాగ్నెట్ వెనక ఏదో ఒక గుర్తు రాయించేవారు. రేపు ఎవడూ 'నా సామాను మార్చేశావు' అనకుండా. స్టాండులో అందరూ హిందీలోనో ఇంగ్లీషులోనో రాస్తారు. నేను బళ్ళో తెలుగు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి రెండింటి మీదా పెద్దగా 'అ' అని రాశాను. "బాగుంది, దొంగైనా దిద్దలేడు" అని నవ్వారు. ఆ అక్షరం ఉప్పుగాలికి చెరిగిపోకుండా మాగ్నెట్‌కి సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి కట్టేశారు.

పరీక్షకు పాట పెట్టలేదు. రేడియోలో వార్తలు పెట్టారు. "పాటలో తబలా, గిటారూ అన్నీ కలిసి తప్పును దాచీస్తాయి. ఒట్టి మనిసి గొంతు దాచలేదు" అన్నారు. వార్తలు చదువుతున్నామె గొంతు నా బండి అద్దం ముందు, సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆమె మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఆయన ఒక్క స్క్రూ పావువంతు తిప్పి, "ఎల్లిరా" అన్నారు.

ఆ ఏడాది నా బండి స్టాండుకే గొప్ప. ఫెర్రీ కోసం ఆగినప్పుడు డ్రైవర్లు వచ్చి తలుపు పక్కన నిలబడి వినేవాళ్ళు. నన్ను చూసి ఎంతమంది షాదీపూర్ వెళ్ళారో లెక్కలేదు. మా ఆవిడ కూరగాయలకి కూడా కార్లోనే వస్తాననేది.

తర్వాతి వానాకాలం దగ్గరపడింది. ఎడమ తలుపులో చిన్న గరగర వస్తే బండి ఆయన దగ్గర ఒక రోజంతా వదిలేసి, సాయంత్రం తెచ్చుకున్నాను. ఏదో బోల్టు వదులైందట, బిగించారు. మర్నాటి నుంచి వానలు, కిరాయిలు లేవు.

మా స్టాండులో వానాకాలం మొదట్లో అందరూ చేసే పనొకటి ఉంది. ఉప్పుగాలి తలుపులను లోపల్నుంచి తినేస్తుంది. అందుకని డోర్ ప్యాడ్‌లు ఊడదీసి, ఇంజిన్లోంచి తీసిన పాత ఆయిల్‌ను తలుపుల లోపల పిచికారీ చేస్తాం. నేనూ ఇంటి దగ్గర కూర్చుని ఆ పని మొదలుపెట్టాను. తారు షీట్లు అడ్డం వచ్చాయి. వాటి వెనక తడి నిలిచి రేకు తుప్పు పడుతుందని అనిపించింది, పీకేశాను. చెక్క రింగులు కనిపించాయి. చెక్క నీరు తాగుతుంది, నీరు తాగిన చెక్క ఇనుమును తింటుంది అనుకుని అవీ తీసేశాను. ఆయిల్ కొట్టి, స్పీకర్లను మొదట్లో లాగే డోర్ ప్యాడ్ ప్లాస్టిక్‌కి రెండేసి స్క్రూలతో బిగించాను. రబ్బరు చుట్టిన మాగ్నెట్ నా చేతుల్లోంచే వెళ్ళింది. దాన్ని విప్పి చూడాలని తోచలేదు. రింగులు పారేయబోతుంటే మా ఆవిడ తీసుకుంది. గుండ్రంగా బరువుగా ఉన్నాయి, వంటింట్లో కుదుళ్ళుగా పనికొస్తాయంది. ఒకటి నీళ్ళ బిందె కిందికి వెళ్ళింది, ఒకటి పెరుగు కుండ కిందికి.

వాన తెరిపిచ్చాక బండి తీస్తే, సౌండు దోమ.

ఆ వారంలో నా బండికి రెండు పనులు జరిగాయి. ఒకటి ఆయన చేసింది, ఒకటి నేను చేసింది. నేను చేసినదాని వైపు నా బుర్ర పోనే లేదు. ఒక రోజంతా బండి ఆయన దగ్గర వదిలానే, అదే మనసులో మెదిలింది. స్టాండులో నా బండి విని నవ్వినవాళ్ళ ముందు, "చాచా నే అస్లీ మాల్ బదల్ దియా. నకిలీవి పెట్టాడు" అన్నాను. ఆ మాట మధ్యాహ్నానికల్లా స్టాండు దాటింది.

మర్నాడు ఆయన స్కూటర్ మీద స్టాండుకి వచ్చారు. స్కూటర్ ఆపి, నేరుగా నా బండి దగ్గరికి నడిచారు.

"ఏటన్నావు బావూ?"

నేను బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాను.

"మార్చీసానన్నావట. సరే. తలుపిప్పు. రబ్బరిప్పు. నీ అచ్చరం నీకు తెలుసు కదా? అది లేకపోతే అప్పుడు మాటాడు, ఈల్లందరి ముందూ పడతాను."

పదిమంది చుట్టూ చేరారు. ఎవడో, "చాచా, బాడీ కార్ కీ, గలా మచ్ఛర్ కా, క్యా జాదూ హై!" అన్నాడు. కారు గొంతుని దోమ గొంతు చేసిన ఇంద్రజాలమట. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కోపగించనూ లేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నావైపు చాపారు.

"నాకు పార్టీ ఎదురుచూస్తోంది, జెట్టీకి వెళ్ళాలి" అన్నాను. పార్టీ లేదు, ఏమీ లేదు. బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాను. అద్దంలో చూస్తే ఆయన స్క్రూడ్రైవర్ చాపిన చెయ్యి ఇంకా దించలేదు.

తలుపు విప్పడానికి నేనెందుకు భయపడ్డాను? అప్పటికే నాలో ఏదో ఒక మూల తెలిసి ఉండాలి. రెండు రోజులు ఆగి, ఇంటి వెనక పెరట్లో విప్పాను. రబ్బరు కోశాను. 'అ' ఉంది. రెండోదాని మీద కూడా ఉంది, నా చేతివంపుతో సహా.

మా ఆవిడ బట్టలు ఆరేస్తూ చూసింది. దగ్గరికి వచ్చి ఆ అక్షరం చూసి, "ఎల్లి చెప్పీండి" అంది.

"చెప్తాన్లే."

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కానీ ఆ తర్వాత నా కార్లో ఎక్కితే రేడియో పెట్టమనడం మానేసింది.

స్టాండు వాళ్ళు షాదీపూర్ వెళ్ళడం మానేశారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ మానేశారు. కొన్నాళ్ళకు అటు వెళ్తే స్తంభానికి బొమ్మ పలక కనిపించలేదు. ఆయన డింగీలకు తెడ్లు చెక్కుకుంటున్నారని ఎవరో చెప్పారు. ఇప్పుడు చెప్తే ఏమనుకుంటారో అని ఒక నెల ఆగాను. నెల దాటాక, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని ఇంకో నెల. అలాగే ఏళ్ళు దాటాయి.

ఈ ఏడాది మొదట్లో ఒక కుటుంబాన్ని ఇంకో ద్వీపంలో ఉన్న రంగత్‌కి తీసుకెళ్ళి, వాళ్ళు తిరిగొచ్చేదాకా బజారు దగ్గర టీ తాగుతున్నాను. పక్కన ఒక పాత బండి ఆగింది. దాంట్లో ఎవరో వార్తలు చదువుతున్నారు. నేను టీ గ్లాసు పెట్టేసి వెళ్ళాను. ఆ గొంతు తలుపుల్లో లేదు, అద్దం ముందు సరిగ్గా మధ్యలో ఉంది. ఊపిరి వినిపిస్తోంది.

డ్రైవరు నా ముఖం చూసి గర్వంగా తలుపు జాలీ తీసి చూపించాడు. లోపల ఎర్రగా పడౌక్ రింగు.

"ఎవరు చేశారు?" అని అడిగాను, తెలిసి కూడా.

"పోర్ట్‌బ్లెయిర్‌లో ఎవరో బుడ్ఢా. నాకు బండి అమ్మినాయన చెప్పాడు" అన్నాడు హిందీలో. "చోర్ హై, లేకిన్ కారీగర్ హై. దొంగేగానీ పనివాడట. ఎవడో టాక్సీవాడి అసలు స్పీకర్లు మాయం చేశాడట. నువ్వు అక్కడివాడివే కదా భయ్యా, తెలుసా ఆయన?"

"తెలుసు."

"సచ్ హై క్యా? నిజమేనా?"

రోడ్డు మీద ఇన్ని గంటల ప్రయాణం, మధ్యలో అడవి దాటడానికి బండ్లన్నీ వరసగా కదిలే కాన్వాయ్, బండ్లనెక్కించుకునే ఫెర్రీ. ఇవన్నీ దాటి నా అబద్ధం నాకంటే ముందే ఇక్కడికి చేరి కూర్చుంది. నాకే తిరిగి చెప్తోంది. అప్పుడైనా 'కాదు' అనాల్సింది. నా ప్రయాణికులు సంచులతో వచ్చారు, తిరుగు కాన్వాయ్‌కి వేళవుతోందన్నారు. తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో తెలియకుండా ఊపి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే స్టాండుకి వెళ్ళి, అందరి ముందూ నా బండి తలుపు విప్పాను. అబద్ధం హిందీలో చెప్పాను కాబట్టి నిజం కూడా హిందీలోనే చెప్పాను. మాగ్నెట్ మీద అక్షరం చూపించాను. రింగులు, షీట్లు నేనే పీకానని చెప్పాను. సగంమంది కొత్తవాళ్ళు. "కౌన్ చాచా?" అని అడిగాడొకడు. పాతవాళ్ళలో ఒకతను నన్ను పైనుంచి కిందికి చూసి, "ఛే సాల్ ముహ్ మే దహీ జమాకే బైఠా థా క్యా?" అన్నాడు. ఆరేళ్ళూ నోట్లో పెరుగు తోడుపెట్టుకుని కూర్చున్నావా అని. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

షాదీపూర్ వెళ్ళబోతుంటే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, బిందె దించి, కుండ దించి, రెండు రింగులూ కడిగి తుడిచి తెచ్చింది. "నానూ వస్తాను" అంది.

ఆయన షెడ్డులో తెడ్డు చిత్రిక పడుతున్నారు. బాగా వంగిపోయారు. నన్ను చూసి పని ఆపలేదు. మా ఆవిడే ముందుకెళ్ళి రింగులు ఆయన ముందు పెట్టింది.

"బాబాయ్, ఇవి మీయే. ఆరేల్లు నా బిందెని మోసాయి."

ఆయన ఒక రింగు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. వేలితో అంచంతా తడిమారు. పక్కనున్న చెంబులో వేళ్ళు ముంచి దాని మీద చిలకరించారు. నీరు ముత్యాల్లా నిలబడి జారిపోయింది.

"చూడు, రోజూ బిందె కింద తడిసింది. దిగిందేటి నీరు?" అన్నారు నాతో. ఆరేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

నేను చెప్పాల్సింది చెప్పాను. స్టాండులో చెప్పానని కూడా చెప్పాను. ఆయన విన్నారు.

"రబ్బరిప్పింది ఎప్పుడు?"

"మీరు స్టాండుకి వచ్చిన రెండు రోజులకే."

రింగును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నారు.

"అంటే నీకు తెలుసు" అన్నారు.

"తెలుసు బాబాయ్."

"నానేటనుకున్నానో ఎరుగుదువా? పాపం ఆడికి తెలీదు, ఇప్పి చూసుకోలేదు, చూసుకుంటే ఆడే వచ్చి చెప్తాడు, అనుకున్నాను. ఆరేల్లూ అలగే అనుకున్నాను."

తిడితే పడడానికి సిద్ధపడి వెళ్ళాను. దీనికి సిద్ధపడలేదు. మా ఆవిడ తల దించుకుంది.

ఆయన లేచి నా బండి దగ్గరికి నడిచారు. తలుపు మీద కణుపులతో కొట్టారు. డోర్ ప్యాడ్ సందులోంచి చూసి, ప్లాస్టిక్‌కి రెండు స్క్రూలతో వేలాడుతున్న స్పీకరు కనిపించగానే ఆ ముఖంలో అంతవరకూ లేని కోపం వచ్చింది.

"ఓరి నీ! ఆరేల్లు దీన్ని ఇలగ ఏలాడదీసావా? మనిసినైతే ఏటన్నా పడతాడు గానీ, మంచి స్పీకరురా ఇది! ఇప్పు. అంతా ఇప్పు."

ఈసారి స్క్రూడ్రైవర్ నేనే పట్టుకున్నాను. ఆయిల్‌కి మెత్తబడి జిగురైన షీటు ముక్కల్ని గీకడం నా పని, గుడ్డతో తుడవడం మా ఆవిడ పని. కొత్త షీట్లు, కొత్త రబ్బరు, పాత రింగులే. ఇప్పుడు ఆయన కుడి చెవి సరిగ్గా వినపడదు. అందుకని తలుపు మీద అరచెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని, "కింద ఎడమపక్క స్క్రూ, అరవంతు" అంటారు. తిప్పితే సరిగ్గా అక్కడే వదులుంటుంది. నేను పాతికేళ్ళుగా బండ్లు నడుపుతున్నాను. ఇంజిన్ మీద చెయ్యి వేసి కూడా నాకలా తెలియదు.

మాగ్నెట్ మీద అక్షరం కొంచెం వెలిసింది. ఆయన మార్కరు ఇచ్చారు. దాని మీదే మళ్ళీ దిద్దాను. ఆయన చూస్తూ నిలబడి, రబ్బరు చుట్టి కట్టారు.

రేడియో పెట్టింది మా ఆవిడ. వార్తలు చదివే గొంతు వచ్చి మధ్యలో నిలబడింది.

వెళ్ళేముందు ఆయన, "రంగత్‌లో చెప్పావా?" అని అడిగారు.

"ఇంకా లేదు."

"మరెల్లు."

కిరాయి లేకుండానే వెళ్ళాను. ఆ డ్రైవర్ని వెతికి పట్టుకుని, ఆ టాక్సీవాణ్ణి నేనేనని చెప్పాను. నా కార్లో కూర్చోబెట్టి వినిపించాను. అతను చాలాసేపు విని, "తో చోర్ తుమ్ హో" అన్నాడు, అయితే దొంగవి నువ్వేనని. అవునన్నాను.

తిరిగి వచ్చి ఆయనకు చెప్తే, అతనన్న మాట గురించి ఆయన అడగలేదు. "ఆడి సౌండు ఎలాగుంది?" అని అడిగారు.

"బాగుంది. కుడి తలుపే కొంచెం గరగర."

"బోల్టై ఉంటాది. రమ్మను." మళ్ళీ అన్నారు, "నోటిమాట ఎన్నాల్లు నిలుస్తాది బావూ? చెడ్డమాటైతే నిలుస్తాది గానీ. రాసియ్యి. తెలుగులో రాయి, నానూ చదువుకోవాల. నా పేరెయ్యకు, నీ పేరూ వద్దు. పని గురించి సరిగ్గా రాయి, చాలు."

అందుకని ఇది రాశాను. మొదటి ప్రతి ఆయనకే ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, షెడ్డు గుమ్మంలో కూర్చుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివారు. నేను చేసిన తప్పు గురించి, నా మౌనం గురించి ఒక్క మాట అనలేదు. కాగితం తిరిగిస్తూ ఒకచోట గోరుతో గీటు పెట్టి చూపించారు.

"రెసిన్ రెండు పూతలని రాసావు. మూడు. దిద్దు."

దిద్దాను.